టిక్కీలు రాకముందే డెలివరీ అయిపోయాయట: డేటాబేస్‌లో వరస తప్పిన తేదీలు పట్టుకోవడం ఎలా

పోయిన సీజన్‌లో ఒకరోజు సాయంత్రం గుంటూరు ఏటుకూరు రోడ్డు వైపు ఒక కోల్డ్ స్టోరేజీ నుంచి ఫోన్ వచ్చింది, ఎత్తగానే గుమస్తా గారు "బాబూ, మీ సాఫ్ట్‌వేరు రైతుకి మనమే ఎదురు వడ్డీ కట్టాలంటోంది, ఒకసారి వచ్చిపో" అన్నారు. వెళ్ళి చూస్తే నిజమే. ఒక లాట్ మిర్చి లోపలికి వచ్చింది ఏప్రిల్ 3న, డెలివరీ అయింది మార్చి 18న. మధ్యలో మైనస్ 16 రోజులు. టిక్కీలు (మిర్చి బస్తాలు) దించిన రోజే రైతు అడ్వాన్సు తీసుకున్నాడు, దాని మీద రూపాయిన్నర వడ్డీ, రోజులు మైనస్ కాబట్టి వడ్డీ కూడా మైనస్. ఆయన నా మొహం వంక చూసి ఏమీ అనకుండా సొరుగులోంచి కాలిక్యులేటర్ తీసారు చూడండి, అది తిట్టిన దానికంటే ఎక్కువ.

అసలు సంగతేంటంటే సరుకు వచ్చింది మార్చి 4న. ఇంకో కంప్యూటర్‌లో అమెరికా సెట్టింగ్‌లో ఉన్న ఎక్సెల్ షీట్ నుంచి డేటా ఎక్కించారు, 04-03 కాస్తా ఏప్రిల్ 3 అయి కూర్చుంది. ఒక్క లాట్ కాబట్టి దొరికింది, మిగతావి ఎన్ని ఉన్నాయో అని వెతకడం మొదలుపెట్టాక రెండు వారాలు పట్టింది, ఆ రెండు వారాల్లో నేర్చుకున్నదంతా ఇక్కడ రాస్తున్నా. కోల్డ్ స్టోరేజీయే అవ్వక్కర్లేదు, హాస్పిటల్ అయినా కాలేజీ ఫీజులయినా చిట్టీల లెక్కయినా పద్ధతి ఒకటే.

క్వెరీలన్నీ (డేటాబేస్‌ని ఎస్‌క్యూఎల్ భాషలో అడిగే ప్రశ్నలు) తెలుగు లిపిలోనే రాస్తున్నా, ఉచ్చారణ చూసి మీరు మామూలుగా ఇంగ్లీష్‌లో కొట్టేస్కోండి, వారం రోజులు ఎస్‌క్యూఎల్ రాసినవాళ్ళకైనా అర్థమైపోతుంది.

ఇంకోటి, మొదలుపెట్టే ముందు బ్యాకప్ తీసి ఆ కాపీ మీద పనిచేయండి. సీజన్ మధ్యలో లైవ్ టేబుల్ మీద పెద్ద క్వెరీ వేసి గేటు దగ్గర కంప్యూటర్ ఆగిపోతే బయట లారీ డ్రైవర్లు ఏం భాష మాట్లాడతారో నేను విన్నాను, మీకొద్దు.

ముందు తేల్చుకోవాల్సింది: వరస అంటే దేన్ని బట్టి?

చాలామంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు, నేనూ వేసాను. టేబుల్ తెరిచి పైనుంచి కిందకి చూసి "తేదీలు అటూ ఇటూ అయిపోయాయే" అనుకుంటాం. కానీ రిలేషనల్ డేటాబేస్‌లో టేబుల్‌కి సొంతంగా వరసంటూ ఉండదు. కల్లంలో పోసిన మిరపకాయల్లో మొదటి కాయ ఏదంటే ఏం చెప్తాం? ఆర్డర్ బై రాయనంతవరకూ ఏ రో ముందొస్తుందన్న గ్యారంటీ లేదు, ఇవాళ వచ్చిన వరస రేపు ఒక ఇండెక్స్ వేస్తే మారిపోవచ్చు. కాబట్టి తేదీ వరస తప్పింది అనాలంటే రెండో తాడు ఒకటి కావాలి, తేదీని దాని పక్కన పెట్టి చూడాలి.

మా కేసులో అలాంటి తాళ్ళు మూడు దొరికాయి.

ఒకటి, అదే రోలో ఇంకో తేదీ. ఇన్‌వర్డ్ తేదీ (సరుకు లోపలికి వచ్చింది), డెలివరీ తేదీ. రెండోది మొదటిదాని కంటే ముందు రాకూడదు, అంతే.

రెండోది, వేరే టేబుల్లో తేదీ. లాట్ టేబుల్లో ఇన్‌వర్డ్ ఒక తేదీ ఉంటుంది, కదలికల టేబుల్లో ఆ లాట్ చాంబర్ మారిన తేదీలుంటాయి, బాండు (సరుకు దాచినట్టు ఇచ్చే కాగితం) రాసిన తేదీ ఇంకోచోట ఉంటుంది. సరుకు దిగకముందే బాండు రాసారంటే ఏదో ఒకటి అబద్ధం.

మూడోది అన్నిటికంటే ఉపయోగపడేది: అచ్చు వేసిన నంబర్లు. గేట్ పాస్ పుస్తకంలో నంబర్లు ప్రెస్సులోనే వేసి వస్తాయి, 411 తర్వాత 412 చింపాల్సిందే. నంబర్ పెరిగేకొద్దీ తేదీ పెరగాలి లేదా అదే రోజు ఉండాలి. మరి టేబుల్లో ఆటో ఇంక్రిమెంట్ ఐడీ (డేటాబేస్ తనంతట తనే వేసే నంబర్) ఉందిగా అది వాడొచ్చుగా అంటారేమో, వాడొచ్చు గానీ అది చెప్పేది ఎంట్రీ కొట్టిన వరసే, సరుకు కదిలిన వరస కాదు. కరెంటు పోయి సాయంత్రం దాకా కాగితాల మీద రాసి మర్నాడు కంప్యూటర్లోకి ఎక్కించిన రోజు ఐడీకీ తేదీకీ పొత్తు కుదరదు, అది తప్పు కూడా కాదు.

రెండు గేట్లకి రెండు పుస్తకాలుంటే ఒక్కో పుస్తకాన్ని విడిగా చూడాలి, ఏప్రిల్ 1న నంబర్లు మళ్ళీ ఒకటి నుంచి మొదలైతే ఆర్థిక సంవత్సరం కూడా విడగొట్టాలి. లేకపోతే పోయిన ఏడు 411వ పాసు ఈ ఏడు 411వ పాసు పక్కన వచ్చి కూర్చుంటుంది, క్వెరీ వేల తప్పులు చూపిస్తుంది, మీరు జడుసుకుంటారు. నేను పుస్తకం అనే కాలమ్‌లో "మెయిన్ గేటు 2024-25" అని కలిపి పెట్టేస్తా, కింద క్వెరీల్లో పుస్తకం అంటే అదే.

తేదీలు నిజంగా తేదీలేనా?

కాలమ్ పేరు తేదీ అని ఉంటుంది, టైప్ చూస్తే వర్‌చార్. మన దగ్గర పాత సాఫ్ట్‌వేర్లలో సగం ఇంతే. టెక్స్ట్‌గా దాచిన తేదీని పోలిస్తే డేటాబేస్ అక్షరాలే చూస్తుంది, "02-12-2024" అనేది "15-01-2024" కంటే ముందు అంటుంది ఎందుకంటే సున్నా ఒకటి కంటే చిన్నది కదా. డిసెంబర్ జనవరి కంటే ముందొచ్చేసింది. ఇలాంటి కాలమ్ మీద కింద చెప్పే క్వెరీలు ఏవి వేసినా చెత్తే వస్తుంది. సంవత్సరం ముందు, తర్వాత నెల, తర్వాత రోజు, ఇలా రాస్తే మాత్రం టెక్స్ట్ అయినా వరస కరెక్టుగానే వస్తుంది, ఐఎస్ఓ 8601 పద్ధతి అదే.

కొత్తగా ఒక డేట్ కాలమ్ చేర్చి దాన్లోకి మార్చుకోండి, పాతది తీసేయొద్దు. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో అయితే ట్రై_కన్వర్ట్ ఉంది, 2012 వెర్షన్ నుంచి, స్టైల్ 105 ఇస్తే రోజు-నెల-సంవత్సరంగా చదువుతుంది, చదవలేకపోతే ఎర్రర్ కొట్టకుండా నల్ (అంటే ఖాళీ) ఇస్తుంది. ఆ నల్ వచ్చినవే మీ మొదటి దొంగల లిస్టు, మా దాంట్లో ఫిబ్రవరి 30 కూడా ఉంది. మైఎస్‌క్యూఎల్‌లో ఎస్‌టీఆర్_టు_డేట్, పోస్ట్‌గ్రెస్‌లో టు డేట్ ఉన్నాయి.

తర్వాత ఒక చిన్న క్వెరీ, ఇది ఎవరూ వేయరు గానీ వేయాలి: తేదీ వారీగా గ్రూప్ చేసి ఎక్కువసార్లు వచ్చిన తేదీలు పైన వచ్చేట్టు చూడండి. సీజన్ ముమ్మరంగా ఉన్న రోజులు పైన వస్తే సరే. కానీ వాటి మధ్య 1900 జనవరి 1 కనపడితే అది ఎస్‌క్యూఎల్ సర్వర్ ఖాళీ టెక్స్ట్‌ని తేదీగా మార్చిన గుర్తు. 1970 జనవరి 1 ఉంటే యునిక్స్ టైమ్ సున్నా ఎక్కడో దూరింది. 1899 డిసెంబర్ 30 ఉంటే ఎక్సెల్, యాక్సెస్ వైపు నుంచి వచ్చిన సున్నా. పాత మైఎస్‌క్యూఎల్‌లో అన్నీ సున్నాలే ఉన్న తేదీ కూడా ఉంటుంది. ఇంకో రకం, 45292 లాంటి అంకె ఉంటుంది, అది ఎక్సెల్ లెక్కలో 2024 జనవరి 1. ఇవన్నీ వరస తప్పిన తేదీలు కావు, అసలు తేదీలే కావు, ఖాళీల కింద లెక్క. వీటిని ముందే పక్కకి తీసి నల్ చేసి విడిగా లిస్టు రాసుకోండి, లేకపోతే చివరి దాకా ఇవే అడ్డంపడతాయి.

ఒకే రోలో రెండు తేదీలు

ఇది తేలిక, కాబట్టి తొందరగా చెప్పేస్తా.

సెలెక్ట్ లాట్, ఇన్‌వర్డ్, డెలివరీ
ఫ్రమ్ లాట్లు
వేర్ డెలివరీ < ఇన్‌వర్డ్

ఒక్క జాగ్రత్త, రెండిట్లో ఏది నల్ అయినా ఈ క్వెరీలో ఆ రో రాదు, ఎందుకంటే నల్‌తో పోలిస్తే అవునూ కాదూ కాకుండా తెలీదు అని వస్తుంది, వేర్ తెలీదుని వదిలేస్తుంది. సరుకు ఇంకా చాంబర్లోనే ఉంటే డెలివరీ నల్ ఉండటం న్యాయమే. కానీ స్టాక్ సున్నా అయి డెలివరీ తేదీ ఖాళీగా ఉంటే దాన్ని అడగాలి. ఆ క్వెరీ విడిగా వేసుకోండి.

పై రోతో పోల్చడం, ఇక్కడే అసలు కథ

గేట్ పాస్ నంబర్ల వరసలో ప్రతి రోకీ దాని ముందు రో తేదీ పక్కన తెచ్చి పెట్టాలి. దీనికి లాగ్ (ఎల్-ఏ-జీ) అనే విండో ఫంక్షన్, అంటే పక్క రోలని కూడా చూడగలిగే ఫంక్షన్ ఉంది. పోస్ట్‌గ్రెస్‌లో 8.4 నుంచి, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో 2012 నుంచి, మరియాడీబీలో 10.2 నుంచి, మైఎస్‌క్యూఎల్‌లో 8.0 నుంచి, ఎస్‌క్యూలైట్‌లో 3.25 నుంచి ఉంది, ఒరాకిల్ వాళ్ళకి ఎప్పటినుంచో ఉంది.

విత్ పక్కపక్కన యాజ్ (
సెలెక్ట్ పుస్తకం, నంబర్, తేదీ,
లాగ్(తేదీ) ఓవర్ (పార్టిషన్ బై పుస్తకం ఆర్డర్ బై నంబర్) యాజ్ ముందుది
ఫ్రమ్ గేట్_పాస్
వేర్ తేదీ ఈజ్ నాట్ నల్
)
సెలెక్ట్ * ఫ్రమ్ పక్కపక్కన
వేర్ తేదీ < ముందుది

విత్ ఎందుకు, లాగ్‌ని నేరుగా వేర్‌లో రాసేస్తే పోలా అని మొదటిసారి అందరూ రాస్తారు, ఎర్రర్ వస్తుంది. వేర్ పని అయిపోయాకే విండో ఫంక్షన్ లెక్క మొదలవుతుంది, అందుకని లోపల లెక్క కట్టించి బయట వడకట్టాలి. దీనికే ఇంకో చిక్కు ఉంది, ఎర్రర్ రాదు కాబట్టి అది మరీ డేంజర్: లోపలి వేర్‌లో "మార్చి నెల మాత్రమే" అని పెడితే లాగ్‌కి మార్చి రోలే కనపడతాయి, మార్చి పాసుల మధ్యలో ఏప్రిల్ అని దూరిన తప్పు రో మాయమైపోతుంది, అంతా బాగుందనుకుంటారు. నెల వడపోత ఎప్పుడూ బయటే. లోపల తేదీ నల్ ఉన్నవి మాత్రం తీసేయాలి, లేకపోతే నల్ తర్వాత వచ్చే రోకి ముందుది నల్ అయి అది చెకింగ్ తప్పించుకుంటుంది.

పోలికలో < మాత్రమే పెట్టండి, <= పెట్టొద్దు, ఒకే రోజు పది పాసులుంటాయి.

సరే, క్వెరీ వేసాం, లిస్టు వచ్చింది. ఇప్పుడు ఆ లిస్టులో ఉన్నవన్నీ తప్పులా? ఇక్కడే నేను బొక్కబోర్లా పడ్డా. ఈ ముక్క చూడండి:

411: ఫిబ్రవరి 5
412: ఫిబ్రవరి 5
413: ఫిబ్రవరి 6
414: ఫిబ్రవరి 26
415: ఫిబ్రవరి 6
416: ఫిబ్రవరి 7
417: ఫిబ్రవరి 7

పైన క్వెరీ ఏది పట్టిస్తుంది? 415ని. ఎందుకంటే దాని తేదీ 6, ముందుది 26. కానీ కళ్ళున్న ఎవరికైనా తెలుస్తుంది తప్పు 414దని, 6 కొట్టబోయి 26 కొట్టారు. 415 పాపం సరిగ్గానే ఉంది, దొంగ పక్కన నిలబడ్డందుకు దొరికిపోయింది. నేను మొదటిరోజు ఆ లిస్టు ప్రింటు తీసి గుమస్తా గారికిస్తే ఆయన ఒక్కో పాసు తీసి చూసి "ఇది కరెక్టే, ఇదీ కరెక్టే, ఇదీ కరెక్టే, నీ కంప్యూటర్‌కి ఏమన్నా దిష్టి తగిలిందా" అన్నారు. పదిలో ఆరేడు అలాంటివే.

తేదీ వెనక్కి జరిగిన తప్పయితే, అంటే 414కి జనవరి 6 అని పడితే, లాగ్ సరిగ్గా 414నే పట్టుకుంటుంది. ముందుకి జరిగిన తప్పయితే మాత్రం దాని తర్వాతి రోని పట్టిస్తుంది. ఇది బుర్రలో పెట్టుకోండి, లాగ్ చూపించేది తగాదా జరిగిన చోటు మాత్రమే, తగాదా పెట్టుకున్నది ఎవరో అది చెప్పదు.

దొంగని తేల్చడం

మొదటి ఉపాయం, ఇటు పక్క కూడా చూడటం. లీడ్ అనే ఫంక్షన్ తర్వాతి రో తేదీ తెస్తుంది. పైన విత్ లోపల లాగ్ కింద ఇంకో లైన్ చేర్చండి:

లీడ్(తేదీ) ఓవర్ (పార్టిషన్ బై పుస్తకం ఆర్డర్ బై నంబర్) యాజ్ తర్వాతది

బయట వేర్ ఇలా:

వేర్ ముందుది <= తర్వాతది
అండ్ (తేదీ < ముందుది ఆర్ తేదీ > తర్వాతది)

దీని అర్థమేంటంటే, అటూ ఇటూ ఉన్న ఇద్దరూ ఒకరితో ఒకరు సఖ్యంగానే ఉన్నారు, మధ్యలో వాడే పేచీ. 414కి వేసి చూడండి: ముందుది 6, తర్వాతది 6, బాగానే ఉన్నాయి, తనది 26, దొరికాడు. 415కి: ముందుది 26, తర్వాతది 7, వాళ్ళిద్దరికే పడట్లేదు కాబట్టి 415ని ఏమీ అనం. ఈ ఒక్క మార్పుతో మా లిస్టులో అన్యాయంగా ఇరుక్కున్న పాసులు సగం కంటే తక్కువకి పడిపోయాయి, గుమస్తా గారు మళ్ళీ టీ తెప్పించారు.

కానీ ఇది కూడా మోసపోతుంది, తప్పులు జంటగా వస్తే. 414, 415 రెండూ 26 అనుకోండి, ఒకే మనిషి ఒకే ఊపులో కొట్టాడు కాబట్టి ఇలా జరగడం మామూలే. అప్పుడు 414కి ముందుది 6, తర్వాతది 26, తనది 26, అంతా సుబ్బరంగా ఉంది. 415కి ముందుది 26, తర్వాతది 7, పక్కవాళ్ళకే పడట్లేదని వదిలేస్తాం. ఇద్దరూ జారుకున్నారు.

దీనికి రెండో ఉపాయం, నాకు బాగా నచ్చింది: తగాదాలు లెక్కపెట్టడం. ఊళ్ళో ఇద్దరు కొట్టుకుంటే తప్పెవరిదో చెప్పలేం గానీ, ఒకడికి వీధి మొత్తంతో గొడవలున్నాయంటే ఇంక అడగక్కర్లేదు కదా. ప్రతి పాసుకీ, చుట్టుపక్కల ఎన్ని పాసులతో వరస కుదరట్లేదో లెక్కేయండి.

సెలెక్ట్ ఎ.పుస్తకం, ఎ.నంబర్, ఎ.తేదీ, కౌంట్(*) యాజ్ తగాదాలు
ఫ్రమ్ గేట్_పాస్ ఎ జాయిన్ గేట్_పాస్ బి
ఆన్ బి.పుస్తకం = ఎ.పుస్తకం
అండ్ బి.నంబర్ బిట్వీన్ ఎ.నంబర్ - 50 అండ్ ఎ.నంబర్ + 50
అండ్ ((బి.నంబర్ < ఎ.నంబర్ అండ్ బి.తేదీ > ఎ.తేదీ)
ఆర్ (బి.నంబర్ > ఎ.నంబర్ అండ్ బి.తేదీ < ఎ.తేదీ))
గ్రూప్ బై ఎ.పుస్తకం, ఎ.నంబర్, ఎ.తేదీ
ఆర్డర్ బై తగాదాలు డీఈఎస్‌సీ

జంట తప్పులున్న చోట 414కి 38, 415కి 38 వచ్చాయి, తర్వాత 416 నుంచి 453 దాకా ఒక్కోదానికి రెండేసి. అంటే 414, 415తో తప్ప వాళ్ళకి ఎవరితోనూ గొడవ లేదు. దొంగలెవరో మీరే చెప్పండి.

ఆ 50 అన్న హద్దు ఎందుకు పెట్టానంటే, పెట్టకపోతే ప్రతి రో ప్రతి రోతో పోల్చాలి, లక్ష రోలుంటే వెయ్యి కోట్ల జతలు, ల్యాప్‌టాప్ ఫ్యాన్ విజయవాడ దాకా వినపడుతుంది. పుస్తకం, నంబర్ కలిపి ఒక ఇండెక్స్ కూడా వేసుకోండి. తప్పులు ఇంకా పెద్ద గుంపుగా ఉన్నాయన్న అనుమానం ఉంటే 50ని 200 చేయండి.

పై నుంచి ఒక్కోదాన్ని సరిచేస్తూ క్వెరీ మళ్ళీ వేస్తూ పోవాలి, ఒకేసారి మొత్తం లిస్టు సరిచేయొద్దు. దొంగ ఒకడు పోగానే వాడితో గొడవ పడ్డ వాళ్ళందరి లెక్కా తగ్గిపోతుంది, కింద ఉన్న చాలా రోలు వాటంతట అవే శుభ్రపడతాయి.

మైఎస్‌క్యూఎల్ 5.7 మీదే ఇంకా నడుస్తున్నవాళ్ళకి లాగ్ లేదు, కానీ ఈ తగాదాల క్వెరీలో విండో ఫంక్షన్ ఏదీ లేదు కాబట్టి అలాగే పనిచేస్తుంది. కొంతమంది "బి.నంబర్ = ఎ.నంబర్ - 1" అని జాయిన్ రాస్తారు, అది వద్దు. ఒక పాసు క్యాన్సిల్ అయి నంబర్ ఎగిరిపోతే ఆ గొలుసు అక్కడే తెగుతుంది, ఆటో ఇంక్రిమెంట్ ఐడీల్లో కూడా రోల్‌బ్యాక్ అయినప్పుడల్లా (చేసిన మార్పు వెనక్కి తీసేసుకున్నప్పుడల్లా) ఖాళీలు మిగులుతాయి.

తప్పు ఆకారం చూడండి

దొంగల లిస్టు చేతికొచ్చాక వెంటనే సరిచేయడానికి తొందరపడకండి, ఒకసారి వాటి వంక తేరిపార చూడండి. ఉన్న తేదీకీ, పక్క రోల ప్రకారం ఉండాల్సిన తేదీకీ తేడా ఎంతో ఒక కాలమ్ కట్టండి. ఆ తేడాలే కథంతా చెప్తాయి.

తేడా సరిగ్గా ఒక సంవత్సరం ఉండి, అవన్నీ జనవరిలోనే ఉన్నాయా? అలవాటులో పాత సంవత్సరం కొట్టారు. సంక్రాంతి అయ్యేదాకా చెక్కుల మీద కూడా మనం ఇదే చేస్తాం.

సంవత్సరం 1950ల్లోకో 2060ల్లోకో పోయిందా? రెండంకెల సంవత్సరం. ఎస్‌క్యూఎల్ సర్వర్ మామూలుగా 49 దాకా 2000ల్లో వేస్తుంది, 50 నుంచి 1900ల్లో వేస్తుంది. మైఎస్‌క్యూఎల్‌కి ఆ గీత 69 దగ్గర. ఒకే ఫైల్‌ని రెండిట్లోకి ఎక్కిస్తే రెండు రకాలుగా చదువుతాయి.

రోజూ నెలా తారుమారు అయ్యాయా? మా కథలో జరిగింది ఇదే. రోజు 12 లోపు ఉన్నప్పుడే ఇది జరుగుతుంది, 13 నుంచి అలాంటి నెల లేదు కాబట్టి ఎక్సెల్ దాన్ని టెక్స్ట్‌గా వదిలేస్తుంది. ఏడాదిలో ఇలా తికమక పడగలిగే తేదీలు 132 ఉంటాయి, పన్నెండు పన్నెండ్లు 144లో రోజూ నెలా ఒకటే ఉన్న 12 తీసేయగా. కాబట్టి మీ దొంగలందరి నెల గడిలో ఉండాల్సిన రోజే ఉందేమో చూడండి, తిప్పి రాసిన తేదీ అటూ ఇటూ పక్క రోల మధ్య చక్కగా ఇమిడిందంటే దాదాపు తేలిపోయినట్టే. ఇంకో సూచన కూడా ఉంది, ఒక ఫైల్లో ఒక్క తేదీ ఇలా తిరగబడిందంటే ఆ ఫైల్లో 12 లోపు తేదీలన్నీ తిరగబడి ఉంటాయి, వరస తప్పకుండా నక్కి కూర్చున్నవి కూడా. అందుకే ఏ ఫైల్ నుంచి వచ్చిందో, ఏ యూజర్ కొట్టాడో ఆ కాలమ్ ఉంటే దాని వారీగా గ్రూప్ చేయండి.

తేడా అయిదున్నర గంటలా? అయితే మనుషుల తప్పు కాదు. సర్వర్ యూటీసీలో (మనకంటే అయిదున్నర గంటలు వెనకుండే అంతర్జాతీయ టైమ్) రాస్తోంది, గేటు దగ్గర కంప్యూటర్ మన టైమ్ రాస్తోంది. సీజన్లో లారీలు రాత్రిళ్ళే దిగుతాయి కదా, 12వ తారీకు తెల్లవారుజామున 2 గంటల 10 నిమిషాలకి దిగిన సరుకు యూటీసీలో 11వ తారీకు రాత్రి 8 గంటల 40 నిమిషాలు. తేదీ మాత్రమే దాచుకుంటే ఒక రోజు వెనక్కి పోతుంది. పగలు దిగిన సరుకంతా కరెక్టు, అర్ధరాత్రి నుంచి తెల్లవారి అయిదున్నర లోపు దిగినదే తప్పు, ఇది పట్టుకోవడానికి నాకు నాలుగు రోజులు పట్టింది, గంటల వారీగా గ్రూప్ చేసి ఉంటే నాలుగు నిమిషాల్లో అయిపోయేది.

ఇవేవీ కాకుండా వరసలో బుద్ధిగా కూర్చుని కూడా తప్పయిన తేదీలు ఉంటాయి, వాటిని ఈ క్వెరీలేవీ పట్టలేవు. 2025 జనవరి 15న ఒక డెలివరీ ఉంది, పక్క రోలతో పేచీ లేదు. కానీ ఆ రోజు కనుమ. కనుమనాడు కాకి కూడా కదలదంటారు, హమాలీలు వచ్చి టిక్కీలు మోసారంటే నమ్ముతామా? సెలవుల టేబుల్ ఒకటి పెట్టుకుని జాయిన్ చేస్తే ఇలాంటివి కొన్ని రాలతాయి.

కాగితం చూడకుండా అప్‌డేట్ కొట్టొద్దు

లిస్టు పట్టుకుని గుమస్తా గారి దగ్గర కూర్చున్నప్పుడు ఒక పాసు దగ్గర ఆయన ఆగారు.

"ఇది తప్పు కాదు బాబూ, పుస్తకం అయిపోయింది, కొత్తది ప్రెస్సు నుంచి రాలేదు, రెండ్రోజులు పాత పుస్తకంలో మిగిలిన పాసులు చింపి ఇచ్చాం."

"మరి కంప్యూటర్‌కి ఎలా తెలుస్తుందండీ?"

"నీకు చెప్పాగా, నువ్వు చెప్పు దానికి."

నిజమే. వరస తప్పిన ప్రతిదీ తప్పు కాదు. అలాంటివాటి కోసం ఒక చిన్న టేబుల్ పెట్టా, పుస్తకం, నంబర్, కారణం, ఎవరు చెప్పారు, ఎప్పుడు. క్వెరీలో ఈ టేబుల్‌లో ఉన్నవాటిని వదిలేయమన్నా. ఇది లేకపోతే ప్రతి నెలా అవే పాసులు లిస్టులోకొచ్చి, అవే మళ్ళీ అడిగి, చివరికి ఎవరూ ఆ లిస్టు చూడటం మానేస్తారు.

అసలు మొదటినుంచీ రెండు తేదీలు దాచుకోవడం మంచిది, సరుకు కదిలిన తేదీ ఒకటి, ఎంట్రీ కొట్టిన టైమ్ ఒకటి. మొదటిది మనిషి చెప్తాడు, రెండోది మెషిన్ వేస్తుంది, దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. రెండిటి మధ్య తేడా పది రోజులు దాటిందంటే అడగాలి.

సరిచేసేటప్పుడు: పాత విలువ, కొత్త విలువ, ఎవరు, ఎందుకు, అన్నీ ముందు ఒక లాగ్‌బుక్ టేబుల్లో రాయండి. తర్వాత ట్రాన్సాక్షన్ మొదలుపెట్టి అప్‌డేట్ కొట్టి, ఎన్ని రోలు మారాయో అంకె చూడండి. 1 అనుకున్న చోట 1204 వచ్చిందంటే వేర్‌లో పుస్తకం పేరు మర్చిపోయారు, రోల్‌బ్యాక్. 1 వచ్చాకే కమిట్. పాత మైఎస్‌క్యూఎల్ టేబుళ్ళు మైఐశామ్ అనే రకంలో ఉంటే రోల్‌బ్యాక్ పనిచేయదు, ముందే చూస్కోండి. అప్‌డేట్‌లో వేర్ దగ్గర పాత తేదీ కూడా రాయడం నాకు అలవాటు, ఈలోపు ఇంకెవరన్నా మార్చేసుంటే సున్నా రోలు వచ్చి ఆగిపోతుంది.

మళ్ళీ రాకుండా

ఒకే రోలో తేదీలకి చెక్ కన్‌స్ట్రెయింట్ (షరతు తప్పిన రోని లోపలికి రానివ్వని నియమం) పెట్టేయండి, డెలివరీ >= ఇన్‌వర్డ్ అని. డెలివరీ నల్ ఉన్నా చెక్ ఒప్పుకుంటుంది, మనకి కావాల్సిందీ అదే. మైఎస్‌క్యూఎల్ వాళ్ళకి ఒక హెచ్చరిక, 8.0.16 కంటే ముందు వెర్షన్లలో చెక్ రాస్తే ఎర్రర్ లేకుండా తీసుకుంటుంది, తీసుకుని గాలికొదిలేస్తుంది. నేను రెండేళ్ళు చెక్ ఉందనే ధైర్యంతో బతికా. పోస్ట్‌గ్రెస్‌లో పాత చెత్త ఇంకా శుభ్రం కాకపోతే నాట్ వ్యాలిడ్ అని పెట్టి చేర్చొచ్చు, కొత్త రోలకి ఈ క్షణం నుంచే అమలవుతుంది, పాతవి శుభ్రం చేసాక వ్యాలిడేట్ చేసుకోవచ్చు.

చెక్ పక్క రోని చూడలేదు, కాబట్టి గేట్ పాస్ వరసకి అది పనికిరాదు. ట్రిగ్గర్ (రో ఎక్కించేటప్పుడు దానంతటదే నడిచే కోడ్) రాయొచ్చు కానీ నేను రాయను. గేటు దగ్గర లారీ ఆగి ఉన్నప్పుడు "తేదీ వరస తప్పింది" అని స్క్రీన్ మొండికేస్తే ఆ కుర్రాడు ఏం చేస్తాడు, స్క్రీన్ ఒప్పుకునే తేదీ ఏదో ఒకటి కొట్టి లారీని పంపించేస్తాడు. అప్పుడు తప్పు వరసలో దాక్కుంటుంది, ఇంక జన్మలో దొరకదు. దానికంటే తప్పుని లోపలికి రానిచ్చి మర్నాడు పొద్దున్నే పట్టుకోవడం నయం, పాసు ఇచ్చిన మనిషికి ఇంకా గుర్తుంటుంది.

అందుకని తగాదాల క్వెరీని రోజూ పొద్దున 6 గంటలకి ఆఖరి 7 రోజుల్లో కొట్టిన ఎంట్రీల మీద నడిపి, లిస్టు గుమస్తా గారి ఫోన్‌కి మెసేజ్ పంపేట్టు పెట్టా. ఎంట్రీ కొట్టిన టైమ్ బట్టి 7 రోజులు తీసుకోవాలి, పాసు తేదీ బట్టి కాదు, తేదీయే తప్పయితే ఆ రో 7 రోజుల లెక్కలోకే రాదు కదా. పక్కన పోల్చే రోలకి మాత్రం ఈ వడపోత పెట్టొద్దు, పైన లాగ్ దగ్గర చెప్పిన చిక్కే ఇక్కడా ఉంది.

మొదట్లో తప్పులుంటేనే మెసేజ్ వెళ్ళేట్టు రాసా. ఒకసారి తొమ్మిది రోజులు ఏ మెసేజూ రాలేదు, ఆయన "అబ్బో, మనవాళ్ళు బాగుపడ్డారు" అని సంబరపడ్డారు, తీరా చూస్తే సర్వర్ పాస్‌వర్డ్ మారి క్వెరీయే నడవట్లేదు. ఇప్పుడు తప్పుల్లేని రోజు కూడా "ఈరోజు 0" అని వెళ్తుంది, ఆరుంబావు దాకా అది రాకపోతే ఆయనే నాకు ఫోన్ కొడతారు.